అంగారకుడి మీద టీ కాచుకున్నాం

జీపు ఆగింది. "దిగండి, మార్స్ వచ్చేసింది" అన్నాడు డ్రైవర్, బస్సు కండక్టర్ స్టేజీ పేరు చెప్పినంత మామూలుగా.

నేను దూకేశాను. బావ మాత్రం సీట్లోంచి లేవలేదు. ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత కనిపిస్తోంది. అది పోయేలోపు గాజువాకలో ఉన్న మా అక్కకి మెసేజ్ పెట్టాలని తంటాలు పడుతున్నాడు.

ఎదురుగా ఎర్రటి ఇసుక. ఆ ఇసుకలోంచి ఒక్కసారిగా పైకి లేచిన కొండలు. మన కొండల్లా మెల్లగా వాలుగా ఎక్కవు. గోడ కట్టినట్టు నిటారుగా ఉంటాయి. పైభాగం మాత్రం ఎవరో కొవ్వొత్తి వెలిగించి వదిలేస్తే కరిగి కారినట్టుంటుంది. చెట్టు లేదు, కరెంటు స్తంభం లేదు, హోర్డింగ్ లేదు. 'ది మార్షియన్' సినిమాలో మ్యాట్ డేమన్ రోవర్ తోలుకుంటూ తిరిగింది ఈ చుట్టుపక్కలే.

ఈ చోటి పేరు వాది రమ్. జోర్డాన్ దేశానికి దక్షిణం కొసన, అకాబా రేవుకి ఓ గంట దూరం. అరబ్బీలో వాది అంటే లోయ. ఇక్కడివాళ్లు దీన్ని 'వాది అల్ ఖమర్' అని కూడా అంటారు. చంద్రుడి లోయ అన్నమాట. సినిమావాళ్లు వచ్చాక అది మార్స్ అయింది, ఇంకా ఏవేవో గ్రహాలయింది. 'రెడ్ ప్లానెట్', 'ప్రొమీథియస్', 'రోగ్ వన్', 'డ్యూన్'... అన్నిటికీ ఈ కొండలే. వాటికన్నా ముందు, 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో మాత్రం ఇది తన సొంత వేషంలోనే, అంటే ఎడారిగానే కనిపించింది.

ఇంతకీ మేమెందుకొచ్చాం?

మా ఇద్దరి మధ్యా ఒక షార్ట్ ఫిల్మ్ గొడవ ఉంది. డబ్బు బావది, కథ నాది. బావ దుబాయ్‌లో ఉద్యోగం చేస్తాడు. నేను వైజాగ్‌లో ఉంటాను. ఇద్దరికీ స్పేస్ సినిమాలంటే పిచ్చి. ఇరవై నిమిషాల సైన్స్ ఫిక్షన్ ఒకటి తీద్దామనుకున్నాం. వేరే గ్రహం మీద పనికి వెళ్లినవాడు ఇంటికి తిరిగి రావడం కథ.

నేను 24 పేజీల స్క్రిప్ట్ రాస్తే అందులో 20 పేజీలు గ్రహం మీదే. బావ చదివి, "ఓడ ఏదిరా? స్పేస్ సినిమా అని చెప్పి మట్టి చూపిస్తావేటి?" అన్నాడు. ఆయన లెక్కలో 20 పేజీలు ఓడలో జరగాలి. ప్లైవుడ్, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, కిటికీ అవతల నల్లగుడ్డ ఉంటే చాలు, గ్యారేజీలో అంతరిక్షం తయారైపోతుందని ఆయన వాదన. భీమిలి రోడ్డు మీద ఎర్రమట్టి దిబ్బలుండగా గ్రహానికి సెట్టెందుకని నాది.

2018లో వచ్చిన 'అంతరిక్షం' గుర్తుంది కదా? సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వరుణ్ తేజ్ చేసిన సినిమా. సెట్టు వేసి, నటుల్ని తాళ్లతో వేలాడదీసి, బరువు లేనట్టు చూపించారు. "చూశావా, మనవాళ్లే చేసేశారు. మనం చేయలేమా?" అని బావ. "వాళ్లకున్న బడ్జెట్‌లో మనకి తాళ్లు కూడా రావు బావా" అని నేను.

అలా ఆర్నెల్లు వాట్సాప్‌లో కొట్టుకున్నాం. నవంబర్‌లో నేను దుబాయ్ వెళ్తే, "పద, నీ మట్టి సంగతేటో అక్కడికే పోయి తేల్చుకుందాం" అని అమ్మాన్ ఫ్లైట్ ఎక్కించాడు. అమ్మాన్ నుంచి ఎడారి హైవే మీద నాలుగ్గంటలు.

ఒక సినిమా, మూడు చోట్లు

బావ దిగాక మొదటి ప్రశ్న, "ఆకాశం నీలంగా ఉందేటి?"

మంచి ప్రశ్నే. సినిమాలో ఇదే చోట ఆకాశం నారింజ రంగులో ఉంటుంది. నేల జోర్డాన్‌ది, ఆకాశం కంప్యూటర్‌ది. మార్స్ మీద గాలిలో సన్నటి దుమ్ము తేలుతూ ఉంటుంది కాబట్టి పగటి ఆకాశం గోధుమ రంగులో కనిపిస్తుంది. తమాషా ఏంటంటే సూర్యాస్తమయం మాత్రం అక్కడ నీలంగా ఉంటుంది. మన దగ్గర జరిగేదానికి తిరగేసి. క్యూరియాసిటీ రోవర్ ఆ ఫొటోలు పంపింది కూడా.

నేల విషయంలో మాత్రం పెద్ద మోసం లేదు. ఇక్కడి ఇసుకరాయి ఎర్రగా ఉండడానికీ, మార్స్ ఎర్రగా ఉండడానికీ కారణం ఒక్కటే, ఇనుము తుప్పు. మన ఎర్రమట్టి దిబ్బలకి ఆ రంగు వచ్చిందీ దానివల్లే.

మోసం ఉన్నది బరువులో. మార్స్ గురుత్వాకర్షణ మన దగ్గరి దాంట్లో 38 శాతమే. ఇక్కడ 60 కిలోలు తూగేవాడు అక్కడ 23 కిలోలే తూగినట్టనిపిస్తుంది. కానీ సినిమాలో హీరో మామూలుగానే నడుస్తాడు. గాలి కూడా అంతే. అక్కడి వాతావరణ పీడనం మన దాంట్లో ఒక్క శాతం కన్నా తక్కువ. సినిమా మొదట్లో వచ్చినట్టు మనుషుల్ని ఎత్తి పడేసే తుఫాను అక్కడ రాదు. ఆ సంగతి తనకి తెలుసని, కథ కోసం తుఫాను పెట్టానని నవల రాసిన ఆండీ వీర్ స్వయంగా ఒప్పుకున్నాడు.

అయినా మనం నమ్మాం. ఎందుకు నమ్మామన్నదే మా గొడవకి మూలం.

జీపు నీడలో కూర్చుని ఆ సినిమాని మళ్లీ గుర్తు చేసుకున్నాం. 2015లో రిడ్లీ స్కాట్ తీసిన సినిమా. కథ మూడు చోట్ల నడుస్తుంది. మార్స్ మీద ఒక్కడు. హెర్మీస్ ఓడలో వాడిని చనిపోయాడనుకుని వదిలేసి వచ్చిన తోటివాళ్లు. భూమ్మీద నాసా ఆఫీసులు. బయట తిరిగే మార్స్ ఈ వాది రమ్‌లోనే తీశారు. ఓడ లోపలా, హీరో ఉండే గుడారం లోపలా బుడాపెస్ట్ దగ్గరి స్టూడియోలో.

"చూడు, నేల మీద హీరో ఏం చేస్తాడు? బంగాళాదుంపలు పండిస్తాడు. నీళ్లు తయారు చేస్తాడు. తిండి లెక్కేసుకుంటాడు. మనకి వాడి కష్టం అర్థమయ్యేది అక్కడే" అన్నాను.

"అర్థమయింది. కానీ నీకు ఏడుపెప్పుడొచ్చింది? ఓడలోవాళ్లు వెనక్కి తిరుగుదామనుకున్నప్పుడు. ఇంకో 500 రోజులు పైన ఇంటికి వెళ్లరు. పెళ్లాం పిల్లల్ని చూడరు. అది కిటికీలోంచి నల్లగా కనబడితేనే తెలుస్తుంది, ఎంత దూరమో" అన్నాడు బావ.

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు.

చీపుర్లు పట్టిన గ్రహాంతరవాసులు

మా డ్రైవర్ ఇక్కడి బెదూయిన్. యాభై ఏళ్లుంటాయి. బావకి వచ్చిన దుబాయ్ అరబ్బీ, ఆయనకి వచ్చిన టూరిస్టు ఇంగ్లిష్ కలిసి సంభాషణ నడిచింది. మా వాదన వింటూ ఆయన ఎండుపుల్లలు ఏరి మంట పెట్టాడు. మసిపట్టిన కెటిల్ దాని మీద పెట్టి, చారెడు పంచదార, ఏదో అడవి ఆకు వేశాడు. మన అమ్మమ్మలు తులసాకు వేసి కషాయం కాచినట్టు. అలా అంగారకుడి మీద టీ తాగాం.

టీ ఇచ్చి, ఇసుక వైపు చూపించాడు. "ఖాళీగా ఉందంటారు కదా మీరంతా. చూడండి."

చూశాను. జీపు టైర్ల పక్కన కుట్టుమిషన్ నడిచినట్టు సన్నటి చుక్కల గీత. పురుగు పోయిన దారి. ఇంకోచోట తోక ఈడ్చిన గుర్తు. అది బల్లిది. అవతల కుక్కపాదంలాంటిది, చిన్నది. "నక్క. రాత్రి వచ్చింది" అన్నాడు. ఇంత సంత జరిగిన చోటుని నేను ఖాళీ అనుకున్నాను.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. కుర్రతనంలో ఏదో సినిమా షూటింగుకి పనికి వెళ్లాడట. ఏం పని? ఇసుక ఊడవడం. యూనిట్ వాళ్ల అడుగులు, టైరు గుర్తులు, ఒంటెల గుర్తులు కెమెరాలో పడకూడదు. మనిషి అడుగు పెట్టని గ్రహం కదా మరి. షాట్‌కీ షాట్‌కీ మధ్య చీపుర్లు, కొమ్మలు పట్టుకుని ఊడ్చుకుంటూ వెనక్కి నడిచేవాళ్లట, తమ అడుగులు కూడా చెరిపేసుకుంటూ.

"మా తాత నడిచిన చోట నా అడుగే కనిపించకూడదంటే నవ్వొచ్చింది. డబ్బులు మాత్రం బాగా ఇచ్చారు" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే.

తర్వాత ఒక కొండ మొదట్లో ఊట దగ్గరికి తీసుకెళ్లాడు. రాళ్ల సందున పచ్చగా, తడిగా ఉంది. ఇక్కడ అడుగున గ్రానైటు, పైన ఇసుకరాయి. వాన నీళ్లు ఇసుకరాయిలోకి ఇంకి, గ్రానైటు తగలగానే ఇక కిందికి పోలేక పక్కకి ఊటగా వస్తాయి. ఆ నీళ్ల వల్లే వేల ఏళ్లుగా ఇక్కడ మనుషులు బతికారు. ఖజాలి అనే ఇరుకు లోయలో గోడల మీద వాళ్లు చెక్కిన బొమ్మలు చూపించాడు. మనుషులు, జంతువులు, పాదాలు. ఈ ప్రాంతం మొత్తం మీద ఇలాంటి రాతిబొమ్మలు 25,000, రాతలు 20,000 దాకా ఉన్నాయి. మనుషులు ఇక్కడ 12,000 ఏళ్లుగా తిరుగుతున్న ఆనవాళ్లున్నాయని 2011లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

సినిమాలో మీకివేవీ కనిపించవు. ఊట కనిపిస్తే మార్స్ కాదు. గోడ మీద మనిషి బొమ్మ కనిపిస్తే అసలే కాదు. 12,000 ఏళ్లు కాపురమున్న ఊరిని ఎవరూ లేని గ్రహం చేయాలంటే, ఊడవాల్సింది ఇసుక ఒక్కటే కాదని అప్పుడర్థమైంది.

నలభై నిమిషాలు

సాయంత్రం క్యాంపుకి చేరాం. ఇక్కడ గుడారాల స్థానంలో గుండ్రటి ప్లాస్టిక్ బుడగల్లాంటి గదులు చాలా వచ్చాయి. 'మార్షియన్ డోమ్' అని పేరు. సినిమా ఇక్కడి నేలని వాడుకుంది, ఇప్పుడు ఇక్కడివాళ్లు సినిమాని వాడుకుంటున్నారు. లెక్క సరిపోయింది.

సూర్యాస్తమయం ఫొటో తీసుకుందామని ఒక్కడినే కొండ చాటుకి వెళ్లాను. నవంబర్‌లో అక్కడ ఆరు కొట్టేసరికి చీకటి. ఇంకో మంచి యాంగిల్, ఇంకో మంచి యాంగిల్ అనుకుంటూ రెండు మలుపులు తిరిగాను. వెనక్కి చూస్తే అన్ని కొండలూ ఒకేలా ఉన్నాయి.

మొదట నవ్వొచ్చింది. పది నిమిషాలయ్యాక రాలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఛార్జింగ్ 9 శాతం. "బావా!" అని అరిస్తే మూడు వైపుల నుంచి నా గొంతే తిరిగొచ్చింది. ఎటు వెళ్లాలో ఆ ప్రతిధ్వని వల్ల ఇంకా గందరగోళం.

తలెత్తి చూశాను. చెప్పకూడదు గానీ, అంతటి ఆకాశం నేనెప్పుడూ చూడలేదు. వైజాగ్‌లో లెక్కపెడితే యాభై చుక్కలు కనిపిస్తాయేమో. ఇక్కడ ఖాళీ జాగా లేదు. 'ఇంటర్‌స్టెల్లార్' చూస్తూ ఏ ఆకాశం కోసమైతే నోరు తెరిచానో అదే. ఇప్పుడు దాన్ని చూస్తే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ధ్రువ నక్షత్రం పట్టుకుంటే ఉత్తరం తెలుస్తుంది కదా అనుకున్నాను. దాన్ని పట్టాలంటే ముందు సప్తర్షులు కనిపించాలి. నవంబర్ సాయంత్రం వాళ్లు దిగంతం దగ్గరికి దిగిపోయి ఉంటారు. కొండల వెనక ఎక్కడో ఉన్నారు. ఇన్ని చుక్కల్లో నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

నిజం చెప్తున్నా, భయం వేసింది. నీళ్ల సీసా క్యాంపులో ఉంది. చలి మొదలైంది. టార్చ్ వేసి కిందికి చూశాను. అక్కడున్నాయి నా బూట్ల గుర్తులు. వంగి, ఒక్కొక్కటే చూసుకుంటూ వెనక్కి నడిచాను. ఓ వంద అడుగుల తర్వాత బండ వచ్చింది. రాతి మీద గుర్తులుండవు కదా. ఇక అక్కడే కూర్చుండిపోయాను.

ఎంతసేపటికో అవతలి వైపు నుంచి ఒక టార్చ్ వెలుతురు కిందికి వంగి మెల్లగా వస్తూ కనిపించింది. మా డ్రైవర్. నన్ను చూసి కంగారేమీ పడలేదు. "నీ ఎడమ బూటు మడమ అరిగిపోయింది. అందుకే తేలిగ్గా పట్టుకున్నా" అన్నాడు.

ఆయన వెనకే బావ, ఆయాసపడుతూ. "మీ అక్కకి ఏటి చెప్పాలిరా నేను? తమ్ముడు మార్స్‌లో తప్పిపోయాడని చెప్పాలా?" అని తిట్టాడు. తిడుతూనే తన జాకెట్ విప్పి నా మీద వేశాడు.

మొత్తం నలభై నిమిషాలట. నాకు మాత్రం ఇంకా ఎక్కువే.

మంట దగ్గర పంచాయితీ

ఆ రాత్రి తిండి పేరు జర్బ్. ఇసుకలో గొయ్యి తీసి, నిప్పులు పోసి, మాంసం, కూరగాయలు పళ్లేల్లో దించి, పైన మూత పెట్టి ఇసుకతో కప్పేస్తారు. రెండు గంటల తర్వాత తవ్వి తీస్తారు. నేల పొయ్యి అయిపోతుందన్నమాట. వేడివేడిగా తింటుంటే ప్రాణం లేచొచ్చింది. ప్రాణం రాగానే గొడవ కూడా తిరిగొచ్చింది.

కానీ ఈసారి ఇద్దరం కొంచెం తగ్గి మాట్లాడుకున్నాం.

నేను 'గ్రావిటీ' సంగతి ఎత్తాను. 2013లో వచ్చిన ఆ సినిమా దాదాపు గంటన్నర. అంతా అంతరిక్షమే. చివరి కొన్ని నిమిషాలు మాత్రం నేల. సాండ్రా బుల్లక్ నీళ్లలోంచి పాక్కుంటూ ఒడ్డుకొచ్చి, గుప్పెడు మట్టి పట్టుకుని, లేవబోయి పడిపోయి, మళ్లీ లేస్తుంది. దాన్ని అమెరికాలోని అరిజోనాలో లేక్ పావెల్ దగ్గర నిజం నేల మీద తీశారు. "ఆ కొద్ది నిమిషాల మట్టి లేకపోతే అంతకుముందు జరిగిందంతా వీడియో గేమ్ బావా" అన్నాను.

"సరే. గంట పైన ఆ నలుపు చూడకపోతే గుప్పెడు మట్టికి నువ్వు ఏడుస్తావేటి? మన దొడ్లో రోజూ ఉంటది మట్టి. ఎప్పుడైనా ఏడిచావా?" అన్నాడు.

ఇదిగో, ఇక్కడ నాకు మొదటిసారి ఆయన మాట తలకెక్కింది.

తర్వాత 'డ్యూన్' మీదికి వెళ్లాం. అది బావకి సొంత సినిమా లాంటిది. రాళ్లున్న సీన్లు ఈ వాది రమ్‌వి అయితే, అంతులేని ఇసుక తిన్నెలు అబుదాబి ఎడారివి. ఆయన వీకెండ్లో కారేసుకుని తిరిగిన లివా వైపే. ఆ సినిమాలో గ్రహం నుంచి గ్రహానికి ప్రయాణం దాదాపు చూపించరు. ఓడ లేస్తుంది, ఓడ దిగుతుంది, అంతే. నేలకే మొత్తం బరువు. ఇసుక మీద ఎలా అడుగెయ్యాలి, ఒంట్లో చెమటని ఎలా దాచుకోవాలి అన్నదే కథ. "ఓడ లేకపోయినా బాగుందిగా?" అన్నాను గెలిచినట్టు. "ఓడలు కొండంత పెద్దగా చూపించి, మనుషుల్ని చీమల్లా చూపించాడు. అంతరిక్షం అక్కడుంది. చూసుకో" అన్నాడు. అదీ నిజమే.

స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' మొదలయ్యేది ఓడలో కాదు. ఎండిన నేల మీద, కోతి మనుషులతో. పైకి విసిరిన ఎముక తిరుగుతూ ఉండగా ఒక్క కట్‌తో అంతరిక్షంలో తేలే ఉపగ్రహం వస్తుంది. అసలు విషయమేంటంటే ఆ నేల స్టూడియోలోదే. ఆఫ్రికాలోని నమీబియా ఎడారి ఫొటోలని నటుల వెనక తెర మీద వేసి తీశారు. అంటే నేల నిజంగా బయటిదే కావాలనేం లేదు. ముందు నేలని పరిచయం చేయాలి, అంతే.

చివరికి ఇద్దరం ఒప్పుకున్న సినిమా ఒక్కటే, 'ఇంటర్‌స్టెల్లార్'. 2014లో ఇద్దరం వైజాగ్‌లో పక్కపక్కన కూర్చుని చూసిందే. రాకెట్ లేవడానికి ముందు దాదాపు ముప్పావుగంట భూమి చూపిస్తాడు నోలన్. దుమ్ము, మొక్కజొన్న, తిన్న కంచాల్ని బోర్లించి పెట్టే ఇల్లు. ఆ మొక్కజొన్న కోసం కెనడాలో 500 ఎకరాలు నిజంగానే పండించారు. నీళ్ల గ్రహం, మంచు గ్రహం ఐస్‌లాండ్‌లో తీశారు.

నీళ్ల గ్రహం మీద ఒక గంట అంటే భూమ్మీద ఏడేళ్లు. వాళ్లు అక్కడ కాసేపు చిక్కుకుపోతారు. ఓడకి తిరిగొచ్చి చూస్తే 23 ఏళ్లు గడిచిపోయాయి. హీరో కూర్చుని, పిల్లలు పంపిన వీడియోలు వరసగా చూస్తాడు. చూస్తుండగానే పిల్లలు పెద్దవాళ్లైపోతారు.

"తప్పు నేల మీద జరిగింది. శిక్ష ఓడలో పడింది" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే కొత్తగా అనిపించింది.

బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి చూపించాడు. పొద్దున జీపులో పెట్టిన మెసేజ్. ఒక్క టిక్కే ఉంది.

"మార్స్ నుంచి భూమికి మాట చేరడానికి మూడు నిమిషాల నుంచి 22 నిమిషాలు పడతదంటారు కదా. నాకైతే అది తక్కువే అనిపించింది" అని నవ్వాడు. "పాప స్కూల్ డ్యాన్స్ వీడియో మొన్న మీ అక్క పంపింది. నైట్ షిఫ్ట్ అయ్యాక చూశాను. పోయినసారి చూసినప్పటికీ దీనికీ జానెడు పొడుగెక్కింది. నువ్వు మట్టి మట్టి అంటావు. నీకేం, నువ్వు మట్టి మీదే ఉన్నావు. ఓడలో ఉన్నోడి సంగతి నాకు తెల్సు. అందుకే ఓడ పెట్టమంటున్నా."

ఆర్నెల్ల వాట్సాప్ గొడవలో ఈ ఒక్క ముక్క ఆయన నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎల్‌ఈడీ స్ట్రిప్పుల గురించి కొట్టుకుంటున్నామనుకున్నాను ఇన్నాళ్లూ.

లెక్క తేలింది

తెల్లారి అమ్మాన్‌కి తిరిగొస్తూ దారిపొడవునా స్క్రిప్ట్ మీద కూర్చున్నాం. ఎన్ని పేజీలు అంతరిక్షం, ఎన్ని పేజీలు నేల అని లెక్కపెట్టడం మానేశాం. 'గ్రావిటీ'కి నేల కొన్ని నిమిషాలు చాలింది. 'డ్యూన్'కి అంతరిక్షం కొన్ని నిమిషాలు చాలింది. కాబట్టి కొలత నిమిషాలది కాదు. ఓడ ఎంత దూరమొచ్చామో చెప్పాలి, నేల ఎవరికి దూరమయ్యామో చెప్పాలి. ఒకచోట జరిగిందానికి రెండోచోట ఎవరో ఒకరు బిల్లు కట్టాలి. ఆ బిల్లు లేకపోతే ఎంత మంచి లొకేషన్ అయినా వాల్‌పేపరే. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ అయినా నల్లగుడ్డే.

ఇంకోటి కూడా రాసుకున్నాం. గ్రహాన్ని మరీ శుభ్రంగా చూపించకూడదని. ఎవరో నడిచిన గుర్తు ఎక్కడో ఒకటి ఉండాలని. నలభై నిమిషాలు నా ప్రాణం ఆ గుర్తుల మీదే ఆధారపడింది మరి.

వైజాగ్ వచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాను. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసుంటాను. పిక్నిక్‌లు, పాటల షూటింగులు, సెల్ఫీలు. అది జియో హెరిటేజ్ సైట్ అని, వేల ఏళ్లపాటు గాలి, నీరు, సముద్రం కలిసి పేర్చిన ఇసుక అని తెలుసు గానీ పట్టించుకోలేదు. ఈసారి మొదట కిందికి చూశాను. గట్టు మీద మేకల గిట్టలు. పురుగు పోయిన గీత. ఎవరో పిల్లల చెప్పుల గుర్తులు. వాది రమ్‌లో డ్రైవర్ చూపించిన సంతే ఇక్కడా ఉంది. మేం షూటింగుకి పర్మిషన్ తీసుకుని, నలుగురమే వచ్చి, గట్లు ఎక్కకుండా తీసుకుందామని అనుకున్నాం. ఆ దిబ్బలు అసలే ఒక్కో వానకి కొంచెం కొంచెం కరిగిపోతుంటాయి.

ఇంటికొచ్చేసరికి బూట్ల నిండా ఎర్రమట్టి. గుమ్మం నుంచి బాత్రూమ్ దాకా అడుగులు పడ్డాయి. అమ్మ తడిగుడ్డ పట్టుకుని, "ఎక్కడ దొర్లొచ్చావురా, పొద్దున్నే తుడిచాను" అని తిట్టింది.

అప్పుడే తట్టింది. స్క్రిప్ట్‌లో మొదటి సీన్ మార్చాను. ఓడ లోపల. తెల్లటి నేల. కిటికీ నుంచి మంచం దాకా ఎండిపోయిన ఎర్రటి అడుగులు. ఎడమ మడమ అరిగిన బూటువి. ఓడలో ఒక్కడే ఉన్నాడు. చేతిలో గుడ్డ ఉంది గానీ తుడవడు.

రాసి బావకి పంపాను. రెండు టిక్కులు పడ్డాయి. నీలం కావడానికి నాలుగ్గంటలు పట్టింది. నైట్ షిఫ్ట్.

జవాబు ఒక్క లైనే వచ్చింది. "ప్లైవుడ్ కొనేస్తున్నా. మట్టి నువ్వు తే."